జూలై 26 ఎటు పోయింది?

మా ఇంట్లో తాత మంచం పక్కన మేకుకు ఒక పొడుగాటి నోటుబుక్కు వేలాడుతుంటుంది. తాత దాన్ని వహీ అంటాడు. అది మరాఠీ మాట. కానీ సోలాపూర్‌లో మా ఇళ్లలో అది మరాఠీ అని ఎవరికీ గుర్తుండదు. ఆ వహీలో డబ్బుల లెక్కలు ఉండవు. ప్రతి శనివారం మా గల్లీ హనుమంతుని గుడిలో జరిగే భజనకు ఎవరు ఏం చేయాలో ఉంటుంది. పెట్టె ఎవరు వాయించాలి (పెట్టె అంటే హార్మోనియం), డోలక్ ఎవరు, తాళాలు ఎవరు, జంపఖానాలు పరిచేదెవరు, దీపానికి నూనె ఎవరింటి నుంచి, ప్రసాదం ఎవరు, సామాను గది చెవి ఎవరి దగ్గర. మొత్తం ఏడు పనులు. జీతం లేదు, సంభావన లేదు. మా ఊరి చద్దర్లు దేశమంతా అమ్ముడుపోతాయి గాని మా భజన జంపఖానాలు మాత్రం మూడు చోట్ల చిరిగినవి.

తాత పవర్‌లూమ్ మీద పనిచేసి మానేసినవాడు. మండలిలో పెట్టె వాయించేది ఆయనే, వహీ రాసేది కూడా ఆయనే. బుధవారమో గురువారమో సాయంత్రం చెప్పులేసుకుని బయలుదేరి ఒక్కొక్కరి గడప దగ్గర నిలబడి "ఈ శనివారం వస్తవా?" అని అడిగి వచ్చి రాసుకునేవాడు. మండలి వాళ్లందరూ రెండు గల్లీల్లోనే ఉన్నంత కాలం అది బాగానే నడిచింది. ఇప్పుడు కొందరు కుంభారి దగ్గరి బీడీ ఘర్కుల్‌కు మారిపోయారు. బీడీ కార్మికుల కోసం కట్టిన పదివేల ఇళ్ల కాలనీ అది. అక్కడి దాకా తాత నడవలేడు. దానికి తోడు పోయిన వేసవి చివర కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు రాయొద్దు, చదవొద్దు అన్నారు.

అప్పుడు నేను ముందుకు వచ్చాను. "తాతా, వహీ ఇగ బంద్. అందరి ఫోన్లల్ల కనపడేటట్టు ఆన్‌లైన్ షీట్ చేస్త" అన్నాను. స్కూల్లో కంప్యూటర్ పీరియడ్‌లో నేర్చుకున్నదంతా చూపించాలని నాకు ఆత్రం. తాత కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "చెయ్యి బిడ్డా" అన్నాడు. "ఇగ బంద్" అన్న మాట ఆయనకు ఎట్లా వినబడిందో నాకు అప్పుడు తట్టలేదు.

2025లో శ్రావణ మాసం జూలై 25న మొదలైంది. శనివారాలు ఐదు: జూలై 26, ఆగస్టు 2, 9, 16, 23. ఒక్కో శనివారానికి ఏడు పనులు, ఒక్కో పనికి ఒక వరుస. అంటే ముప్పై ఐదు వరుసలు. తారీఖు, పని, పేరు, ఫోన్ అని నాలుగు గడులు. పేర్లు తాత నోటితో చెప్తుంటే నేనే నింపాను. లింకు వాట్సప్ గ్రూపులో పెట్టి, ఎవరైనా మార్చుకోవచ్చని అందరికీ అనుమతి ఇచ్చాను. నిండిన గడికి ఆకుపచ్చ రంగు వచ్చేటట్టు కూడా చేశాను. మొత్తం ఆకుపచ్చ అయింది. ఆ రాత్రి నేను దాన్ని పది సార్లు తెరిచి చూసుకుని ఉంటాను.

రెండు రోజుల్లోనే కొందరు పేర్లు మార్చారు, కొందరు అడుగున కొత్త వరుసలు చేర్చారు, వరస కలగాపులగం అయింది. శుక్రవారం సాయంత్రం తారీఖుల ప్రకారం సర్దితే బాగుంటుందని మీట నొక్కాను. సర్దుకుంది. పైన 2/8, తర్వాత 9/8, 16/8, 23/8. చక్కగా ఉంది కదా అనుకుని "రేపటి నుంచి శ్రావణ భజన, అందరూ షీట్ చూసుకోండి" అని గ్రూపులో పెట్టి పడుకున్నాను. అడుగు దాకా పోయి చూడలేదు.

శనివారం ఏడు గంటలకు తాత చెయ్యి పట్టుకుని గుడికి తీసుకుపోయాను. అక్కడ ఇద్దరు ముసలవ్వలు, డోలక్ వాయించే పెద్దాయన ఉన్నారు. ఈ ముగ్గురికీ షీట్ అక్కర్లేదు, శ్రావణంలో మొదటి శనివారం ఎప్పుడో వాళ్లకు తెలుసు. ఇంకెవరూ లేరు. సామాను గదికి తాళం. పెట్టె, డోలక్ రెండూ లోపలే. జంపఖానాలు కూడా లోపలే. చెవి ఉన్న అన్నకు ఫోన్ చేస్తే ఘర్కుల్‌లో ఉన్నాడు. "వచ్చే వారం నుంచి కద? షీట్ల 2 తారీఖు అని ఉన్నది" అన్నాడు. ఇంకొకరికి చేశాను, అదే మాట. మూడో ఫోన్ చేయబుద్ధి కాలేదు.

తాత "పెట్టె లేకపోతే దేవుడు వినడా ఏంది" అని బండల మీదే కూర్చున్నాడు. డోలక్ పెద్దాయన చప్పట్లతో తాళం వేశాడు. తాత ఎప్పుడూ పెట్టె మీద నల్ల మెట్టు ఒకటో నంబరు పట్టుకుని ఆ శ్రుతిలో పాడతాడు. మా మండలిలో అందరూ దాన్ని "కాళీ ఏక్" అంటారు. పెట్టె లేకపోయేసరికి అందాజుగా ఎత్తుకున్నాడు. కొంచెం పైకి ఎత్తుకున్నాడు. రామదాసు కీర్తన పల్లవి దాటింది గాని చరణంలో పైకి పోయే చోట గొంతు అందలేదు. ఆగాడు. కిందికి దించి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి మరీ కిందికి పోయింది. నవ్వి "ఇవాళ్టికి ఇంతే" అని హారతి పాట అందుకున్నాడు. తాత పాట మధ్యలో ఆపడం నేను అదే మొదటిసారి చూశాను. ఇంటికి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు గాని మాట్లాడలేదు.

ఇంటికి వచ్చి షీట్ తెరిచాను. 26/7 వరుసలు ఏడూ ఉన్నాయి. కాని అన్నిటికన్నా అడుగున ఉన్నాయి. ఫోన్‌లో చూసేవాళ్లకు పై పదిహేను వరుసలే కనపడతాయి, అంత దూరం ఎవరు జరుపుతారు? కానీ జూలై, ఆగస్టు తర్వాత ఎట్లా వచ్చింది?

సోమవారం మా కంప్యూటర్ సార్‌కు చూపించాను. సార్ రెండు నిమిషాలు చూసి ఒకటే అడిగారు: "తారీఖులు కొన్ని గడికి కుడివైపు, కొన్ని ఎడమవైపు ఎందుకున్నాయి?" నేను అది గమనించనే లేదు. సార్ చెప్పింది ఇది. షీట్‌లో దేశం అమెరికా అని ఉంది. అమెరికాలో నెల ముందు రాస్తారు, తేదీ తర్వాత. అందుకని నేను 2/8 అని రాస్తే అది ఫిబ్రవరి 8 అనుకుంది. 9/8ని సెప్టెంబరు 8 అనుకుంది. ఇక 16/8, 23/8, 26/7 అంటే పదహారో నెల, ఇరవై మూడో నెల, ఇరవై ఆరో నెల! అట్లాంటి నెలలు లేవు కాబట్టి వాటిని తారీఖులే కాదు, ఉత్త అక్షరాలు అనుకుని ఎడమవైపు పెట్టింది. సర్దమంటే తారీఖులను ముందు పెట్టి, అక్షరాలను వాటి కింద పెట్టింది. అక్షరాల లెక్కన 16, 23, 26. జూలై 26 అట్లా ఆగస్టు 23 కిందికి పోయింది.

సెట్టింగుల్లో దేశం ఇండియా అని మార్చి, తారీఖులు తుడిచి మళ్లీ రాస్తే అన్నీ కుడివైపుకు వచ్చాయి. అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాల పని శుక్రవారం చేసి ఉంటే!

ఇక అంతా సరి అనుకున్నాను. ఆగస్టు 2న అందరూ వచ్చారు. చెవి మాత్రం రాలేదు. ఎందుకంటే షీట్‌లో ఆ పనికి నేను "తాళాలు" అని రాశాను, తాళం తీసే పని కదా అని. ఆ వారం ఆ పని ఒక మామది. ఆయన కంచు తాళాలు శుభ్రంగా తోమి, రుమాల్లో చుట్టుకుని, అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. తాత వహీలో ఎప్పుడూ వాయించేవి "తాళాలు" అనీ, తలుపుది "చెవి" అనీ వేరు వేరుగానే రాసేవాడు. నలభై నిమిషాలు ఆలస్యమైంది గాని ఆ రోజు అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను.

ఆగస్టు 9 ఇంకో కథ. ఆ రోజు పౌర్ణమి. శ్రావణ పౌర్ణమిని మరాఠీలో నారళీ పౌర్ణిమ అంటారు. మా ఊళ్లో పద్మశాలీలకు అంతకన్నా పెద్ద రోజు లేదు, మార్కండేయ స్వామి రథం బయలుదేరేది ఆ రోజే. ఆ సాయంత్రం గల్లీ గుడిలో భజన పెడితే ఎవరొస్తారు? షీట్‌కు ఏడు రోజులకొకసారి శనివారం వస్తుందని తెలుసు, పౌర్ణమి వస్తుందని తెలియదు. పాత వహీ తీసి చూశాను. తాత ప్రతి ఏడూ ఆ పేజీలో ఒక అడ్డగీత కొట్టి "రథం" అని రాసి పెట్టాడు.

అప్పుడే వహీని మొదటిసారి సరిగ్గా చదివాను. అంతకుముందు అది పేర్ల జాబితా అనుకునేదాన్ని. అంచుల్లో చిన్న అక్షరాలతో ఎన్నో ఉన్నాయి. ఒక పేరు పక్కన "రాత్‌పాళీ వారం పిలువొద్దు" అని ఉంది. రాత్‌పాళీ అంటే రాత్రి షిఫ్టు. ఇంకో చోట "ఇద్దరినీ ఒక్క వారం వేయొద్దు, ఇద్దరూ డోలకే" అని. మరో చోట "బిడ్డ కాన్పు, రెండు నెలలు అడగొద్దు" అని. ఇవేవీ నా షీట్‌లో లేవు. నా షీట్ ఏడు గడులు నిండాయా లేదా అన్నదే చూస్తుంది. ఏడు గడులూ నిండి ఆకుపచ్చగా ఉన్నా, పెట్టె వాయించే వాళ్లు ఒక్కరూ లేని శనివారం ఉండొచ్చు. ఆగస్టు 16కు సరిగ్గా అట్లానే ఉంది.

అన్నిటికన్నా నాకు అర్థం కానిది ఒకటుంది. షీట్‌లో "వస్తాను" అన్నవాళ్లు ఎందుకు రావడం లేదు? మా చిన్నాయిన పేరు మూడు శనివారాలకు ఉంది. అందులో రెండు ఆయన రాత్రి షిఫ్టు వారాలు. తానే రాసుకున్నాడు. మాకు వరసకు అత్త ఒకామె ప్రసాదం గడిలో పేరు ఉంచుకుంది, రాలేదు, కబురూ లేదు. గ్రూపులో ఒకరిద్దరు "రాని వాళ్లు పేరెందుకు రాస్తరు" అని కూడా పెట్టారు.

తాత, నేను కలిసి ఆ అత్త ఇంటికి పోయాము. ఆమె ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. వెయ్యి బీడీలు అయితే గాని ఆ రోజు కూలి పూర్తి కాదు, పొద్దున్నే బ్రాంచిలో అప్పగించాలి. చేతులు ఆగకుండానే మాట్లాడింది. ఫోన్ కొడుకు దగ్గర ఉంటుందట, ఆమె పేరు వాడే రాశాడట. "మరి రాలేనని రాయమనొచ్చు కద అత్తా" అన్నాను.

"అందరు చూసేకాడ రాలేనని ఎట్ల రాపిస్త బిడ్డా? దేవుని పని. తాత గడపకాడికొస్తె చెప్పుకుంటుంటి, ఈ వారం కొమురెల్లి చుట్టాలొచ్చిన్రు, రవ్వ కొనతందుకు పైసలు లెవ్వు అని. తాతకు చెప్తె తాతకే ఉంటుండె."

నేను ఏమీ అనలేకపోయాను. తాత మాత్రం "గందుకే వచ్చిన గద" అన్నాడు మామూలుగా. చిన్నాయిన సంగతీ అంతే. అందరి ముందు తన గడి ఖాళీగా కనపడటం ఆయనకు నామోషీ. నేను రంగు పెట్టింది నిండిన గడికే అయినా, చూసేవాళ్లకు ముందు కనపడేది ఖాళీ గడి.

ఆ రాత్రి తాత, నేను, ఇంకో ఇద్దరు అన్నలు కూర్చుని షీట్ మార్చాము. ఇప్పుడు అందరూ చూడొచ్చు, మార్చేది మాత్రం ఇద్దరమే. వారం వారం ఆ ఇద్దరిలో ఒకరు. ఇది కొందరికి నచ్చలేదు, మా మీద నమ్మకం లేదా అన్నారు. కానీ అంతకుముందు ఒకరోజు ఎవరో తన పేరు మాత్రమే కనపడాలని వడపోత పెట్టుకుంటే గ్రూపులో అందరికీ అదొక్క పేరే కనపడి, మిగతా భజన అంతా మాయమైందని గోల అయింది. మార్చినవాళ్లెవరో చూద్దామంటే షీట్ వాళ్లకు "అనానిమస్ క్యాపిబారా" అని పేరు పెట్టింది. క్యాపిబారా అంటే ఏమిటో వెతికితే ఎలుక జాతిలో అన్నిటికన్నా పెద్ద జంతువట. ఆ జంతువు ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు.

రాలేని వాళ్లు షీట్‌లో ఏమీ రాయనక్కర్లేదు, గ్రూపులో చెప్పనక్కర్లేదు. గురువారం రాత్రి లోపు తాతకు ఫోన్ చేసి చెబితే చాలు. కారణం తాత దగ్గరే ఉంటుంది. నాకు పేరు మార్చమని మాత్రం చెప్తాడు. కంటికి పని చెప్పొద్దన్నారు గాని చెవికి, నోటికి పనేమీ తగ్గలేదు. గురువారం సాయంత్రం తాత ఫోన్ ఖాళీగా ఉండదు. అవతలి వాళ్లు రెండు నిమిషాల్లో చెప్పాల్సింది అరగంట చెప్తారు, తాత వింటాడు. మా నాయినమ్మకు ఇదంతా విసుగు.

ప్రతి పనికీ "మారు" అని ఇంకో గడి చేర్చాము. మొదటి మనిషి రాకపోతే వచ్చే మనిషి. ముఖ్యంగా పెట్టెకు, చెవికి. పెట్టె వాయించేవాళ్లు తాత కాకుండా ఒక్కరే ఉన్నారు కాబట్టి ఆ గడి రాస్తున్నప్పుడు మా అందరికీ ఒకే ఆలోచన వచ్చింది, ఎవరూ పైకి అనలేదు. తర్వాతి ఆదివారం నుంచి తాత నాకు స్వరాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఎడమ చేత్తో తిత్తి కొట్టడం, కుడిచేత్తో వేళ్లు మార్చడం రెండూ కలవడం లేదు. సరిగమలు వస్తున్నాయి, కీర్తన ఇంకా రావడం లేదు.

ఇంకొక మార్పు నాకు ఇష్టమైనది. శుక్రవారం ఆ వారం జాబితా మాత్రం పెద్ద అక్షరాలతో కాగితం మీద తీసి గుడి గోడకు అంటిస్తాము. పెద్దవాళ్లకు తెలుగే వచ్చు. మా చిన్నాయిన పిల్లలు, ఘర్కుల్ పిల్లలు చాలామంది మరాఠీ మీడియం, ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని అక్షరాలు రావు. అందుకని ప్రతి పేరు ముందు తెలుగులో, దాని కింద మరాఠీ లిపిలో రాస్తాను. జంపఖానాలు పరిచే పని చిన్నపిల్లలదే. మా చిన్నాయిన కొడుకు, ఆరో తరగతి, కింది మరాఠీ వరుస చేత్తో మూసిపెట్టి పైనున్న తెలుగు వరుసలో తన పేరు ఎక్కడుందో వెతుకుతుంటాడు. మొదట మూడోవారం పట్టింది. ఇప్పుడు డోలక్ పెద్దాయన పేరు కూడా చదువుతున్నాడు.

అన్నీ బాగయ్యాయని చెప్పను. ఆగస్టు 23న ప్రసాదం ఇద్దరు తెచ్చారు, నూనె ఎవరూ తేలేదు. పరీక్షలప్పుడు నేను ఒక గురువారం షీట్ మార్చడం మరిచిపోయాను. అయినా అందరూ సరిగ్గానే వచ్చారు. ఎట్లా అని ఆశ్చర్యపోయి ఇంటికి వచ్చి చూస్తే మంచం పక్కన మేకుకు వహీ లేదు. తాత దిండు కింద ఉంది. డాక్టరు రాయొచ్చన్నప్పటి నుంచీ ఆయన మళ్లీ రాస్తున్నాడు. నాకు చెప్పలేదు. ఆ వారం పేర్లన్నీ అందులో ఉన్నాయి, కళ్లద్దాలు కొత్తవి కాబట్టి అక్షరాలు కొంచెం పెద్దగా, వంకరగా.

"షీట్ ఉన్నది కద తాతా" అన్నాను.

"ఉండనియ్. నీ దాంట్ల నుంచి నేను రాసుకుంట, నా దాంట్ల నుంచి నువ్వు ఎక్కించుకో. ఒగదాంట్ల 26 తారీఖు మాయమైతె ఇంకోదాంట్ల దొరుకుతది."

ఇప్పుడు శుక్రవారం పొద్దున బడికి వచ్చేముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాము. తాత చదువుతాడు, నేను ఫోన్‌లో సరిచూస్తాను. ఈ వారం మారు గడిలో, పెట్టె ఎదురుగా ఖాళీ ఉంది. ఉన్న ఒక్క మనిషికీ ఊరికి పోయే పని పడింది. ఎవరి పేరు రాయమంటావని అడిగితే తాత నన్ను పైనుంచి కిందికి చూసి "నీదే రాయి" అన్నాడు. నాకు ఇంకా ఒక్క కీర్తన కూడా పూర్తిగా రాదు. రాశాను.